చక్రం మోగాలి



మా నాన్న చేతిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక సుత్తి ఉండేది. పొడుగు కర్ర పిడి, చివర చిన్న ఇనుప తల. బిలాస్‌పూర్ యార్డులో కేరేజ్ అండ్ వేగన్ విభాగంలో ఆయన ఉద్యోగం. అర్ధరాత్రి గూడ్సు బండి వచ్చి ఆగితే, ఒక చేత్తో లాంతరు, రెండో చేత్తో సుత్తి పట్టుకుని బండి పొడుగునా నడిచేవారు. ప్రతి చక్రాన్నీ ఒక దెబ్బ కొట్టేవారు. ఖంగుమంటే ముందుకి కదిలేవారు. దబ్బుమంటే ఆగి, లాంతరు దగ్గరగా పెట్టి, వంగి చూసేవారు. ఆ కాలంలో చాలా చక్రాలకి ఉక్కు టైరు వేరేగా ఉండేది. దాన్ని బాగా కాచి, వ్యాకోచించాక చక్రానికి తొడిగితే, చల్లారి బిగుసుకునేది. అది వదులైతే చక్రం మోగదు. పగులు పట్టినా మోగదు. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి మెటికతో కొట్టి చూసేది చూడండి, అదే విద్య.

ఈ రోజు నేను మాట్లాడబోయేది రైలు చక్రం గురించి కాదు. ఒక పాత కారుకి దాని సొంత చక్రాలు వెతికి తెచ్చి, బాగుచేయించుకున్న సంగతి. కానీ ఆ పనిలో నాకు అన్నింటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది మా నాన్న సుత్తే. అందుకని అక్కడి నుంచి మొదలుపెట్టాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర. తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరి ఇటు వచ్చేశారు. పాత తరం వాళ్ళు ఇప్పటికీ దాన్ని బీఎన్నార్ అనే అంటారు. అలా ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని. బారా ఖోలీ దగ్గర సోలాపురి మాత పూజలు జరిగే రోజుల్లో ఈ రైల్వే కాలనీలో నడిస్తే, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నామన్న సంగతే మరిచిపోతాం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ దానికి ముఖ్య కేంద్రమైంది. కోర్బా బొగ్గు దేశంలోకి వెళ్ళేది ఎక్కువగా మా ఊరి మీదుగానే. ఇంత ఇనుము, ఇంత బొగ్గు, ఇన్ని చక్రాల మధ్య పెరిగిన నాకు ఒక చిన్న కారు మీద మనసు పడింది.

ఆ కారు ఫియట్ పాలియో, 1.6 జీటీఎక్స్. 2001లో మన దేశంలో విడుదలైంది. 1596 సీసీ ఇంజను, పదహారు వాల్వులు, వంద గుర్రాల శక్తి. ఇంతింత చిన్న కార్లకి అరవై గుర్రాలుంటే గొప్ప అనుకునే రోజులవి. సచిన్ టెండూల్కర్ దానికి ప్రచారం చేశాడు. ఆయన పేరుతో ఎస్ 10 అని ఒక ప్రత్యేక రకం కూడా పరిమితంగా వచ్చింది. అసలు సిసలు స్పోర్ట్స్ కారంటే రెండు సీట్లు, తెరుచుకునే పైకప్పు ఉండాలనే వాళ్ళున్నారు. వాళ్ళ మాట కాదనను. కానీ మన మధ్యతరగతి ఇళ్ళల్లో స్పోర్ట్స్ కారు అన్న మాటకి ప్రాణం పోసినవి ఇలాంటి బళ్ళే. స్టీరింగు బరువు, తలుపు వేస్తే వచ్చే ఆ గట్టి చప్పుడు, మూడో గేరులో ఇంజను ఎత్తుకునే స్వరం, ఇవి తెలిసినవాళ్ళకి వేరే కారు ఆనదు. ముంబయిలో కుర్లా ఫ్యాక్టరీలో, మన పద్మిని కార్లు తయారైన చోటే ఇదీ తయారైంది. అది ఇప్పుడు రోడ్ల మీద అరుదుగా కనిపిస్తోంది. కాబట్టే పట్టుకున్నవాడు వదలడు.

నాకు దొరికిన కారుకి ఇంజను బావుంది, బాడీలో తుప్పు తక్కువ. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, అదీ సవ్యంగానే ఉంది. లోపం ఒక్కటే. దాని సొంత అల్లాయ్ చక్రాలు లేవు. అంతకుముందు యజమాని వాటిని తీసి, నల్లటి పెద్ద చక్రాలు వేయించాడు. చూడ్డానికి దర్జాగా ఉన్నాయి. నేనూ ముచ్చటపడ్డాను.

నెల తిరక్కుండానే ఆ ముచ్చట తీరిపోయింది. రతన్‌పూర్‌లో మహామాయ అమ్మవారి దర్శనం చేసుకుని వస్తున్నాం. వెనక సీట్లో అమ్మా నాన్నా ఉన్నారు. ఎనభై దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది. చక్రాల బ్యాలెన్సు చెడిందనుకున్నాను. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి ముందు ఎడమ పక్క నుంచి టక్, టక్ అని చప్పుడు. నాన్న వెనక నుంచి, "ఆపు. ఇంకొక్క గజం కూడా వెళ్ళకు" అన్నారు. ఆయన గొంతులో యార్డు వినిపించింది నాకు. దిగి చూస్తే నాలుగు బోల్టుల్లో ఒకటి వేళ్ళతో తిరుగుతోంది, మరొకటి సగం వదులైంది. అవి వారం కిందటే బిగించినవి.

ఎందుకు వదులయ్యాయో తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. చక్రాన్ని హబ్బుకి పట్టి ఉంచే నాలుగు బోల్టులూ ఒక వృత్తం మీద ఉంటాయి. ఆ వృత్తం వ్యాసాన్ని పీసీడీ అంటారు. ఫియట్‌లో అది 98 మిల్లీమీటర్లు. మన దేశంలో మారుతి మొదలుకుని చాలా చిన్న కార్లలో అది 100. తేడా రెండు మిల్లీమీటర్లు. అంటే ఒక్కొక్క రంధ్రం దగ్గర ఒక్క మిల్లీమీటరు. బోల్టు లోపలికి వెళ్తుంది, తిరుగుతుంది, బిగుస్తుంది కూడా. కానీ బోల్టు తల కింద శంకువులా ఉండే భాగం గుంటలో నిండుగా కూర్చోదు, ఒక పక్కే ఒరుసుకుని ఆనుకుంటుంది. చక్రం తిరిగే కొద్దీ బరువు ఆ ఒక్క అంచు మీదే పడి, లోహం అణిగి, పట్టు జారిపోతుంది. మార్కెట్లో దొరికే చక్రాల మధ్య రంధ్రం కూడా అన్ని కార్లకీ పట్టాలని పెద్దదిగా వదిలేస్తారు. ఫియట్ హబ్బు కొలత 58.1 మిల్లీమీటర్లు. దాని మీద చక్రం ఆని కూర్చోవాలి. కూర్చోకపోతే మొత్తం భారం ఆ నాలుగు బోల్టుల మెడ మీదే.

ఒక్క మిల్లీమీటరు. రైల్వేలో అయితే ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. గూడ్సు చక్రం అంచు, అంటే పట్టా లోపలి వైపు చక్రాన్ని నిలిపి ఉంచే ఆ ఫ్లేంజి, 16 మిల్లీమీటర్లకన్నా పలచబడితే ఆ చక్రాన్ని పక్కన పెట్టాల్సిందే. పదిహేనున్నర ఉంది కదా, ఈ ఒక్క ట్రిప్పూ వెళ్ళనీ అనే మాట లేదు. మరి మన కార్ల విషయానికొచ్చేసరికి అదే ఉద్యోగి, అదే మనిషి, "పట్టింది కదా, చాల్లే" అని ఎందుకు ఊరుకుంటాడో నాకు అర్థం కాదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగే బండి అది.

అప్పుడు నిశ్చయించుకున్నాను, దీనికి దాని చక్రాలే వెయ్యాలని.

అసలు చక్రాలు వెతకడం ఒక ప్రయాణం. బిలాస్‌పూర్‌లో తిఫ్రా ట్రాన్స్‌పోర్ట్ నగర్ నుంచి తోర్వా దాకా పాత సామాన్ల కబాడీ దుకాణాలన్నీ గాలించాను. లారీ చక్రాలున్నాయి, జీపువి ఉన్నాయి, అంబాసిడర్ ఇనుప చక్రాలు గుట్టలుగా ఉన్నాయి. ఫియట్ అల్లాయ్ అంటే తల అడ్డంగా ఊపారు. అల్యూమినియం ఏదైనా చేతికొస్తే వాళ్ళు దాచరు, కిలోల లెక్కన కరిగించడానికి పంపేస్తారు. ఎన్ని మంచి చక్రాలు అలా పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. చివరికి ముంబయిలో, కుర్లా సీఎస్‌టీ రోడ్డులో పాత విడిభాగాల దుకాణాల వరసలో నాలుగున్నాయని తెలిసింది. కారు పుట్టిన ఊళ్ళోనే దాని చక్రాలు పడి ఉన్నాయన్నమాట. దుకాణదారు పదహారు వేలు చెప్పాడు, పన్నెండుకి ఇచ్చాడు.

పాత చక్రాలు కొనాలనుకునే వాళ్ళు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. అమ్మేవాళ్ళు ముందువైపు ఫొటో పంపుతారు. మీరు వెనకవైపు ఫొటో అడగండి. చక్రం బతుకంతా దాని వెనకే రాసి ఉంటుంది. పోతపోసినప్పుడే అచ్చులో కొన్ని గుర్తులు పడతాయి. 5½ జె × 14 అని ఉంటే, అంచు వెడల్పు ఐదున్నర అంగుళాలు, వ్యాసం పద్నాలుగు అంగుళాలు, నడుమ ఉన్న జె అన్నది టైరు కూర్చునే అంచు ఆకారం. ఈటీ అని పక్కన ఒక అంకె ఉంటుంది. చక్రం మధ్యగీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో అది చెబుతుంది. ఈ ఒక్క అంకె మారితే చక్రం లోపలి భాగాలకి రాసుకోవడమో, బయటికి పొడుచుకు రావడమో జరుగుతుంది, బేరింగు మీద భారమూ మారుతుంది. తయారీదారు గుర్తు, తేదీ ముద్ర నాలుగింటికీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. రెండు ఒక కారువి, రెండు ఇంకో కారువి కలిపి జత అని అమ్మేస్తుంటారు.

వెనక అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి. మన రోడ్ల గుంటల్లో దెబ్బ తినేది లోపలి అంచే. ముందు నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది, వెనక తొర్రలా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. రంగు ఒక చోట మాత్రం కొత్తగా ఉంటే ఎందుకో అడగండి. ఆ రంగు కింద వెల్డింగు ఉండొచ్చు. బోల్టు గుంటలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా? సాగితే ఆ చక్రం వదులు బోల్టులతో తిరిగిందని అర్థం. అది వద్దు.

చక్రాలు లోకమాన్య తిలక్ టెర్మినస్ నుంచి షాలిమార్ ఎక్స్‌ప్రెస్ పార్శిలులో వచ్చాయి. ఆ టెర్మినస్ ఉన్నదీ కుర్లాలోనే. గోనె పట్టాలో చుట్టి, తాడుతో కట్టిన నాలుగు మూటలు. పార్శిలు ఆఫీసు నుంచి ఆటోలో ఇంటికి తెచ్చి వసారాలో విప్పాను. నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. రిటైరై ఎన్నో ఏళ్ళైనా సుత్తి మాత్రం తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంది.

"ఎత్తి కట్టు" అన్నారు.

వసారా దూలానికి తాడు వేసి, మధ్య రంధ్రంలోంచి దూర్చి, మొదటి చక్రాన్ని నేలకి అడుగు ఎత్తున వేలాడదీశాను. అల్యూమినియం మెత్తన కాబట్టి ఇనుప సుత్తి తలకి పాత తువ్వాలు చుట్టారు. అంచు మీద చిన్న దెబ్బ కొట్టారు. మోగింది. గుడిగంట కాదు గానీ, ఇత్తడి చెంబు మీద గరిటె తగిలితే వచ్చే నాదం లాంటిది, రెండు మూడు క్షణాలు నిలిచింది. రెండోదీ అంతే. మూడోదాన్ని కొట్టి, నాన్న తల పక్కకి వంచారు. మళ్ళీ కొట్టారు. చక్రాన్ని కొంచెం తిప్పి మూడోసారి కొట్టారు. నాదం తెగిపోతోంది. పగిలిన కుండలా, టప్ అని పుట్టి అక్కడే చచ్చిపోతోంది.

"ఇది మోగట్లేదురా."

కంటికి ఏమీ కనిపించలేదు. మర్నాడు డై పెనెట్రెంట్ స్ప్రే డబ్బాలు తెచ్చాను. చక్రాన్ని శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం చల్లి, కాసేపు ఆగి పూర్తిగా తుడిచేసి, పైన తెల్లటి డెవలపర్ చల్లాలి. పగులుంటే అందులో దాగిన ఎరుపు తెలుపు మీదికి పైకొస్తుంది. పది నిమిషాలకి ఒక పుల్ల (స్పోకు) మొదట్లో, అది అంచుని కలిసే మూలలో, వెంట్రుకంత సన్నని ఎర్రగీత తేలింది. అంగుళం పొడుగు. నాన్న దాన్ని చూసి ఏమీ అనలేదు. సుత్తికి చుట్టిన తువ్వాలు విప్పి మడత పెట్టారు.

అందరూ చెప్పింది ఒకటే మాట, "ఆర్గాన్ వెల్డింగు చేయించేయండి, ఎవరికీ తెలీదు." ఒక వెల్డరు చేసిపెడతానని కూడా ముందుకొచ్చాడు. పనిమంతుడే, అల్యూమినియం అతుకులో చెయ్యి తిరిగినవాడే. అయినా ఒప్పుకోలేదు, ఎందుకో చెబుతాను.

ఇలాంటి చక్రాలకి వాడేది వట్టి అల్యూమినియం కాదు. మామూలుగా వాడే మిశ్రమంలో సుమారు 7 శాతం సిలికాన్, వెయ్యిలో మూడు వంతులంత మెగ్నీషియం, అంటే 0.3 శాతం, కలుస్తాయి. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులో మూలమూలలకీ పారుతుంది. ఆ చిటికెడు మెగ్నీషియం వల్ల బలం వస్తుంది. కానీ ఆ బలం ఊరికే రాదు. పోతపోసిన చక్రాన్ని దాదాపు 540 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి, గబుక్కున నీళ్ళలో ముంచి, తర్వాత 150, 170 డిగ్రీల దగ్గర మళ్ళీ కొన్ని గంటలు మగ్గబెడతారు. పాకం పట్టడం లాంటి పని అది. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ పాకం చెడిపోతుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, అతుకు పక్కన అర అంగుళం మేర లోహం మెత్తబడిపోతుంది. బయట అంచు మీద చిన్న నొక్కు సరిచేయడం వేరు. బరువు మోసే పుల్ల మొదట్లో పగులు అతికించడం వేరు. అల్యూమినియానికి ఇంకో గుణం ఉంది. ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీలకి అది కరుగుతుంది, పట్టపగలు చూస్తే అప్పటిదాకా రంగు మారినట్టే ఉండదు. ఇనుముతో కళ్ళు పండినవాళ్ళు కూడా ఇక్కడ మోసపోతారు.

ఆ మూడో చక్రాన్ని కబాడీకి ఇచ్చేశాను. ఇచ్చేముందు రంపంతో రెండు ముక్కలు కోయించాను, మళ్ళీ ఎవరూ దాన్ని కారుకి తొడక్కుండా. దాని బదులు ఒకటి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. విశాఖపట్నంలో ఒక గ్యారేజీలో ఒంటరిగా ఒకటి ఉందని తెలిస్తే, మా బావమరిది కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద పెట్టుకుని తెచ్చాడు. పార్వతీపురం, రాయగడ దాటి వచ్చిన ఆ చక్రం మోగింది.

లోహం మాట వచ్చింది కాబట్టి మా పక్క ఊరి సంగతి చెప్పకపోతే ఎలా? కోర్బా ఒకప్పుడు మా బిలాస్‌పూర్ జిల్లాలోదే, 1998లో విడిపోయింది. అక్కడి భారత్ అల్యూమినియం కంపెనీ, బాల్కో, 1965లో ప్రభుత్వ రంగంలో మొదలైంది. హంగేరీ, సోవియట్ యూనియన్ల సాయంతో కట్టారు. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. ఒక మామూలు కుటుంబానికి ఏళ్ళ తరబడి సరిపోయే కరెంటు అది. బొగ్గు పక్కనే ఉంది కాబట్టే కోర్బాలో అల్యూమినియం నిలబడింది. అదే లోహాన్ని పాత సామాను కరిగించి తీస్తే దానిలో సుమారు 5 శాతం కరెంటు చాలు. అందుకే నేను కోయించిన చక్రం వృథా పోలేదు, ఏ గిన్నెగానో ఇంజను భాగంగానో మళ్ళీ పుడుతుంది.

ఇక నా నాలుగు చక్రాలు బాగుచేయించే పని. అక్కడ ఒక ప్రమాదం ఉంది. పాత రంగు వదిలించడానికి మన దగ్గర చాలామంది కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచుతారు. ఇనుప గేట్లకి, గ్రిల్లులకి అది పనిచేస్తుంది. అల్యూమినియాన్ని మాత్రం అది తినేస్తుంది. బుడగలు బుడగలుగా పొంగుతుంది. ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. బాక్సైట్ రాయి నుంచి అల్యూమినాని కరిగించి బయటికి లాగడానికి వాడేదీ ఈ కాస్టిక్ సోడానే. రాయిలోంచి లోహాన్ని లాగే మందు, చక్రంలోంచి లోహాన్ని లాగకుండా ఉంటుందా? సిర్గిట్టిలో ఒకచోట నా చక్రాలు తీసుకెళ్ళినప్పుడు ఆ డ్రమ్ము చూసి, దండం పెట్టి వెనక్కి తెచ్చుకున్నాను. రంగు వదిలించే జెల్లు పూసి, ప్లాస్టిక్ రేకుతో గీకి, మిగిలినదాన్ని సన్నని గాజు పూసల ధారతో శుభ్రం చేయించాను. ముతక ఇసుకతో గాని, ఇనుప రజనుతో గాని కొట్టించకండి. ఒళ్ళంతా గుంటలు పడతాయి. ఇనుప రజను అల్యూమినియంలో ఇరుక్కుంటే అక్కడే తెల్లటి తుప్పు మొదలవుతుంది.

రంగు పోయాక చక్రం తన వయసు చూపించింది. బ్యాలెన్సు కోసం అంచుకి తగిలించే సీసం ముక్కల కింద ఇరవై ఏళ్ళ తేమ నిలిచి, తెల్లటి పొడి, దాని కింద చిన్న చిన్న గుంటలు. టైరు ఆనుకునే చోట కూడా అంతే. ట్యూబ్‌లెస్ టైరులో రోజుకింత గాలి పోతుంటే పంక్చరు వెతుకుతాం, నిజానికి గాలి పోయేది ఈ గరుకు లోంచి. ఆ చోటంతా సన్నని కాగితంతో నున్నగా చేయించాను. ఒక చక్రానికి లోపలి అంచు రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుంది. దాన్ని కొద్దిగా వేడి చేసి, హైడ్రాలిక్ జాకీతో చాలా నెమ్మదిగా బయటికి తెచ్చారు. తెచ్చాక మళ్ళీ ఎర్ర ద్రవంతో పరీక్ష, మళ్ళీ తాడు, మళ్ళీ సుత్తి.

తళతళలాడేలా ముందు ముఖాన్ని లేతు మీద చెక్కించమని ఒకాయన సలహా ఇచ్చాడు. కొత్త కార్లలో డైమండ్ కట్ అని వచ్చేది అదే. నేను వద్దన్నాను. మా చక్రాలు పుట్టినప్పుడు అలా లేవన్నది ఒక కారణం. లేతు ఎక్కిన ప్రతిసారీ చక్రంలో కొంత లోహం పోతుందన్నది రెండోది. రైల్వేలోనూ అంతే. చక్రం ఆకారం చెడితే లేతు మీద తిప్పి మళ్ళీ రూపు తెస్తారు. కొత్త ప్యాసింజర్ బోగీ చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. తిప్పి తిప్పి 825కి వచ్చిందంటే దాని పని అయిపోయింది. బాగుచేసిన ప్రతిసారీ ఆయుష్షులో కొంత ఖర్చవుతుంది. ఆ సంగతి మా వాళ్ళకి తెలుసు కాబట్టి ఊరికే లేతు ఎక్కించరు.

మొదట ఎపాక్సీ ప్రైమరు, తర్వాత ఫ్యాక్టరీ వేసిన వెండి రంగు, పైన స్పష్టమైన లక్క పూత. పౌడర్ కోటింగు గట్టిదే, కానీ దాన్ని 180, 200 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఒకసారి కాలిస్తే పెద్ద నష్టం లేదంటారు. సరిగా కొలవని పొయ్యిలో, బాగా రాలేదని రెండోసారి మూడోసారి కాల్చే చోట మాత్రం చక్రాన్ని ఇవ్వకండి. ఇందాక చెప్పిన ఆ పాకం మాట గుర్తుంచుకోండి. ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ ప్రాణం దాని మీద ఉంటుంది. బోల్టు తల కూర్చునే గుంటల్లోనూ, హబ్బుకి ఆనే వెనక ముఖం మీదా రంగు పడకూడదు. అక్కడ టేపు వేయించండి. రంగు మీద బోల్టు బిగిస్తే రంగు నలిగిపోయి, బోల్టు వదులవుతుంది.

ఇంత చిన్న లోహపు గుండ్రానికి ఇంత శ్రమ ఎందుకంటే, ఆ పరంపర పెద్దది. 1924లో ఫ్రాన్సులో లియాన్ గ్రాండ్ ప్రీ పందానికి బుగట్టి టైప్ 35 కారు పోత అల్యూమినియం చక్రాలతో వచ్చింది. ఆ రోజు టైర్లు మొరాయించి గెలవలేదు గానీ, ఆ తర్వాత ఏళ్ళపాటు పందాల్లో ఆ కారుకి ఎదురులేదు. అరవైల్లో జర్మనీలో ఫుక్స్ కంపెనీ పోర్షే 911 కోసం అల్యూమినియాన్ని పోత పోయకుండా సమ్మెట పోటుతో మలిచి చేసిన చక్రాలు ఇప్పటికీ జనం కళ్ళకద్దుకుంటారు. ఇటలీలో క్రోమడోరా, కాంపాన్యోలో చక్రాలంటే ఫియట్ అభిమానులకి ఒక మైకం. చక్రం తేలికైతే గుంట మీద ఎగిరిన చక్రాన్ని స్ప్రింగు త్వరగా కిందికి తెస్తుంది, టైరు రోడ్డుని వదలదు. అదీ అసలు ప్రయోజనం. మెరుపు తర్వాతి సంగతి.

కొత్త టైర్లు వేయించేటప్పుడు పక్కన నాలుగంకెల ముద్ర చూసుకున్నాను. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పాత సరుకు అంటగట్టడం చాలా చోట్ల ఉంది. వాల్వులు కొత్తవి వేయించాను. బోల్టులు కూడా అల్లాయ్ చక్రం పొడుగుకి సరిపోయేవే వెతికి తెప్పించాను. ఇనుప చక్రం బోల్టు పొట్టిది కావచ్చు, నాలుగు చుట్లు తిరిగి బిగిసినట్టే ఉంటుంది, పట్టు ఉండదు. బండి గాల్లో ఉండగా చేత్తో నాలుగూ తిప్పి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, కిందికి దించి, మాన్యువల్లో చెప్పిన లెక్కకి టార్కు పానాతో ఆఖరి బిగింపు. కాలితో పానా మీద ఎక్కి తొక్కడం ఆపేయాలి మనం.

నేను పానా పక్కన పెట్టేసరికి నాన్న లోపల్నుంచి చిన్న పసుపు రంగు డబ్బా, సన్నని కుంచె తెచ్చుకున్నారు. పీట వేసుకుని కూర్చుని, ప్రతి బోల్టు తల మీంచి చక్రం మీదికి ఒక గీత గీశారు. వదులైన టైరు కదిలిందో లేదో తెలియడానికి రైలు చక్రం మీద అలాగే గీసేవారు. గీత రెండు ముక్కలైందంటే టైరు జారిందని అర్థం. ఒక్కో గీత వెడల్పు పెసరగింజంత. చెయ్యి కొంచెం వణుకుతోంది గానీ గీత వణకలేదు.

మర్నాడు తెల్లవారుజామున రతన్‌పూర్ వెళ్ళాం. అక్కడి నుంచి ఇంటికి రాకుండా కోర్బా రోడ్డు మీద ఇంకొంత దూరం తీసుకెళ్ళమన్నారు నాన్న. మొత్తం నూరు కిలోమీటర్లు తిరిగి ఇంటి ముందు ఆపాను. నేను దిగేలోపే ఆయన దిగి, ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి, హబ్బు మీద అరచెయ్యి ఆనించి వేడి చూశారు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని గీతలు చూసుకుంటూ చుట్టూ తిరిగారు. నాలుగు చక్రాలు, పదహారు గీతలు. ఒక్కటీ విడిపోలేదు.

"అమ్మని పిలు, టీ తాగి మళ్ళీ వెళ్దాం" అన్నారు.